వాటాకు బదులు నేల: అమెరికాలో ఇంగ్లీషు వలసలు నిలబడిన కథ



కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారి స్మృతిలో మాట్లాడమని పిలిచినప్పుడు నాకు సంతోషం కన్నా ముందు జంకు కలిగింది. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టి 1923లో పోయారాయన. బతికింది నలభై ఆరేళ్లు. అందులోనే మునగాల సంస్థానం దివానుగిరీ చేశారు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి పునాది వేసినవారిలో ఒకరయ్యారు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టారు. అది చాలదన్నట్టు విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకున్నారు. ఒక్క 'అ' అక్షరానికే మూడు సంపుటాలయ్యాయి. ఆయుష్షు అక్కడితో అయిపోయింది. అమెరికా కూడా 'అ'తోనే మొదలవుతుంది కాబట్టి ఇవాళ నేను ఆయన పొలిమేర దాటడం లేదని సర్దిచెప్పుకుంటున్నాను.

ఆ మాట నవ్వులాటకే అన్నా, అమెరికాకూ ఆయనకూ నిజంగానే చుట్టరికం ఉంది. మండలి అచ్చువేసిన మొట్టమొదటి పుస్తకం ఏ రాజు కథో, ఏ పురాణమో కాదు. 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వం ఎలా పోయిందో తెలుగువాడు చదివి తెలుసుకోవాలని లక్ష్మణరావుగారు అనుకున్నారు. ఆ బానిసత్వం అమెరికాకు ఎలా వచ్చింది, దాన్ని మోసుకొచ్చిన వలస అసలు ఎలా నిలబడింది అన్నది నా ఇవాళ్టి విషయం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అమెరికాలో ఇంగ్లీషు వలస అన్నది ఒక కంపెనీ గెలుపు వల్ల పుట్టలేదు, దాని దివాలాలోంచి పుట్టింది. లాభం పంచలేని కంపెనీ నేల పంచింది. ఆ నేల ఎవరిదన్నది వేరే ప్రశ్న, దానికీ వస్తాను.

1.

1619 ఆగస్టులో మన మచిలీపట్నంలో ఒక ఇంగ్లీషువాడు జబ్బుచేసి చనిపోయాడు. పేరు సర్ థామస్ డేల్. తూర్పు సముద్రాల్లో డచ్చివాళ్లతో తలపడి వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఓడల దండుకు నాయకుడు. సముద్రాల మీద తిరిగేవాడు ఏదో ఒక రేవులో పోవడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. అయితే ఈ మనిషి మూడేళ్ల కిందటి దాకా ఏం చేస్తున్నాడో తెలుసా? అట్లాంటిక్‌కి ఆవల, వర్జీనియాలో, జేమ్స్‌టౌన్ అనే కొయ్యకోటను శాసిస్తున్నాడు.

ఒకే మనిషి బందరుకూ జేమ్స్‌టౌన్‌కూ ఎలా వచ్చాడు? జవాబు లండన్‌లో ఫిల్పాట్ లేన్ అనే ఒక సందులో ఉంది. అక్కడ సర్ థామస్ స్మైత్ అనే వర్తకుడి ఇల్లు. 1600లో పుట్టిన ఈస్టిండియా కంపెనీకి మొదటి గవర్నరు ఆయనే. 1609 నుంచి పదేళ్లు వర్జీనియా కంపెనీకి ట్రెజరరూ ఆయనే. ట్రెజరరంటే గుమాస్తా అనుకోకండి, ఆ కంపెనీలో అదే పెద్ద కుర్చీ. రెండు కంపెనీల సమావేశాలూ ఆ ఇంట్లోనే జరిగేవి. మచిలీపట్నం రేవులో 1611లో దిగిన 'గ్లోబ్' ఓడ లెక్కలూ, అదే సంవత్సరం డేల్‌ని వర్జీనియాకు పంపిన లెక్కలూ ఒకే పెద్దమనిషి కళ్ల ముందు నడిచాయి.

ఇంటిపెద్ద ఒక్కడే, వాటాల పద్ధతీ ఒక్కటే. మరి ఒకచోట గిడ్డంగి, ఇంకోచోట దేశం ఎందుకయ్యాయి? ఇంగ్లీషువాళ్లు అక్కడ స్వేచ్ఛ కోసం వెళ్లారు, ఇక్కడ దోపిడీ కోసం వచ్చారు అని మనం బళ్లో చదువుకున్న జవాబు ఈ ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

2.

బందరులో కొనడానికి సరుకుంది. అద్దకం చీటీగుడ్డలున్నాయి, నేత బట్ట ఉంది, అమ్మే కోమట్లున్నారు, సుంకం వసూలుచేసే గోల్కొండ సుల్తాను అధికారులున్నారు. రేవులో దిగినవాడు బేరమాడాలి, సుంకం కట్టాలి, సరుకెత్తుకుని పోవాలి. గ్లోబ్ ప్రయాణం పెట్టుబడికి రెట్టింపు పైన లాభం తెచ్చింది.

వర్జీనియాలో అలాంటిదేమీ లేదు. అంతకుముందు 1587లో రోనోక్ దీవిలో దింపిన వాళ్లు ఏమయ్యారో కూడా తెలియలేదు. మూడేళ్లకు తిరిగివెళ్లిన వాళ్ల గవర్నరు జాన్ వైట్‌కు ఒక గుంజ మీద చెక్కిన 'క్రొయటోన్' అనే మాట మాత్రం కనబడింది. ఆ తరవాత 1607 మేలో మూడు ఓడల్లో వచ్చిన 104 మంది మగవాళ్లూ కుర్రాళ్లూ జేమ్స్ నది ఒడ్డున కోట కట్టారు. వాళ్లకు కావలసింది బంగారం, పసిఫిక్‌కి దారి. మిలమిలలాడే మట్టిని ఓడకెత్తి లండన్ పంపారు. అది మట్టిగానే తేలింది.

వాళ్లు దిగిన చోటు సంగతి కొంచెం చెప్పాలి. బురదనేల. పోటు వేళ సముద్రపు ఉప్పు నదిలోకి ఎగదన్నుతుంది. దివిసీమవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. ఆ నీళ్లే తాగారు. పైగా ఆ ఏళ్లలో అక్కడ ఘోరమైన కరువు. పాత చెట్ల మానుల్లోని వలయాలు లెక్కపెట్టి ఇటీవలి శాస్త్రజ్ఞులు తేల్చిన మాట ఇది. ఎనిమిది నెలలు తిరిగేసరికి 38 మంది మిగిలారు.

వాళ్లను బతికించింది, చంపగలిగింది కూడా, పౌహటాన్. ముప్ఫై దాకా తెగల మీద పెత్తనం ఉన్న పెద్దదొర. మొక్కజొన్న ఆయన జనం దగ్గరే ఉంది. ఇచ్చినప్పుడు కోటలో పొయ్యి వెలిగింది. 1609-10 చలికాలంలో ఇవ్వడం మానేసి చుట్టూ కాపలా పెట్టాడు. తినడానికి గుర్రాలయ్యాయి, కుక్కలయ్యాయి, ఎలుకలయ్యాయి, తోలు చెప్పులయ్యాయి. 2012లో అక్కడి ఒక పాత నేలమాళిగ చెత్తలో తవ్వకాలు జరిపినవాళ్లకు పద్నాలుగేళ్ల పిల్ల పుర్రె దొరికింది. నుదుటి మీద నాలుగు గాట్లు, లోతుగా దిగనివి, కొట్టినవాడి చెయ్యి తడబడినట్టు. తల వెనక గట్టి దెబ్బలు. చనిపోయిన తరవాత కోసిన గుర్తులవి. ఆ పిల్ల పేరు తెలియదు. 'జేన్' అని పిలుస్తున్నారు. దిగింది కోటలో ఎవరి కూతురిగానో, ఎవరింటి పనిపిల్లగానో.

వందలమంది ఉన్న కోటలో వసంతానికి 60 మంది మిగిలారు. జూన్‌లో కోట వదిలేసి ఓడెక్కారు కూడా. నది దిగుతుండగా కొత్త గవర్నరు డెలావేర్ ప్రభువు ఓడలు ఎదురొచ్చాయి. వెనక్కి తిప్పాడు. ఆ ఎదురురాక ఒక్క రోజు ఆలస్యమైతే నేను ఇవాళ ఇంకో విషయం మీద మాట్లాడుతుండేవాణ్ని.

3.

ఇప్పుడు డేల్ దగ్గరికొద్దాం. 1611లో వచ్చాడు. కఠినుడు. గీత దాటినవాణ్ని ఉరితీయించిన చట్టం ఆయనది. అందరూ ఒకే కొట్టులోంచి తినడం, అందరూ కంపెనీ పొలంలో పనిచేయడం అన్నది కంపెనీ ఏర్పాటు. కంపెనీ పొలం అంటే ఎవరిదీ కాని పొలం. డోలు కొడితే పనికి రావాలి, డోలు కొడితే పోవాలి. కొరడా ఉన్నా కలుపు తగ్గలేదు. 1614 ప్రాంతంలో డేల్ పాత కాపులకు తలా మూడేసి ఎకరాలు కేటాయించాడు. మీ గింజ మీరు పండించుకోండి, కొంత కొట్టుకు కొలవండి అన్నాడు. మొక్కజొన్నకు కొరత తీరింది. ఉరికొయ్య చేయలేని పని మూడెకరాలు చేశాయి.

దీనికి సరిగ్గా తోడొచ్చింది పొగాకు. గుంటూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లుంటే చేతులెత్తండి. వర్జీనియా అన్న మాట మీకు అమెరికా కన్నా ముందే తెలుసు. బ్యారన్ కట్టి, మంట పెట్టి, రాత్రంతా మేలుకుని కాల్చే ఆకు పేరది. జేమ్స్‌టౌన్ వలసదారు జాన్ రోల్ఫ్ కాలంలో బ్యారన్ కాల్పు లేదు, ఆకును ఊరికే ఆరబెట్టేవాళ్లు. 1612లో రోల్ఫ్ కరీబియన్ వైపు నుంచి తెప్పించిన విత్తనం నాటాడు. మిగతా చాకిరీ మీకు తెలిసిందే. నారు పొయ్యాలి, మొక్క మొక్కా నాటాలి, తల తుంచాలి, పిలకలు గిల్లాలి, పురుగు ఏరాలి. 1617లో సుమారు 20,000 పౌన్ల ఆకు ఇంగ్లండు చేరింది. పొగాకును తిడుతూ 1604లో పుస్తకం రాసిన జేమ్స్ రాజే దాని మీద సుంకం పుచ్చుకున్నాడు.

ఇక కంపెనీ ఖజానా సంగతి. 1609లో ఒక్కో వాటా 12 పౌన్ల 10 షిల్లింగులకు అమ్మారు. ఏడేళ్లకు లాభం పంచుతామన్నారు. మధ్యలో డబ్బు చాలక లండన్‌లో లాటరీలు నడిపారు. 1616 వచ్చింది. పంచడానికేమీ లేదు. అప్పుడు వాటాదారులకు లాభానికి బదులు వర్జీనియాలో భూమి ఇస్తామన్నారు.

ఈ ఒక్క నిర్ణయం దగ్గర కాస్త ఆగండి. బందరులో స్మైత్‌గారి కంపెనీ ఒక గజం నేల కూడా వాటాదారుకు ఇవ్వలేదు, ఇవ్వనక్కర్లేదు, ఇవ్వగలిగేదీ కాదు. ఇక్కడ నేలకు రాజున్నాడు, పట్టా ఉంది, కరణం ఉన్నాడు. అక్కడా నేలకు మనుషులున్నారు. పౌహటాన్ జనం అడవి నరికి చేసిన చేలల్లోనే ఇంగ్లీషువాళ్లు తొలి ఆకు వేసుకున్నారు. కానీ వాళ్ల హక్కు ఇంగ్లీషు కాగితం మీద లేదు. కాగితం మీద లేనిదాన్ని ఖాళీ అన్నారు. లేని డబ్బుకు మారుగా ఆ ఖాళీని పంచారు.

4.

1618లో కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. ఎవరైనా ఒక మనిషిని సొంత ఖర్చుతో వర్జీనియాకు తీసుకొస్తే, తెచ్చినవాడికి 50 ఎకరాలు. తలకు ఇంత అని లెక్క. పదిమందిని తెస్తే 500 ఎకరాలు. మనిషి పనికీ వస్తాడు, పట్టాకూ వస్తాడు. 1635 నాటి ఒక పట్టాలో జార్జ్ మెనిఫీ అనే వర్తకుడు తాను తెచ్చిన తలల జాబితా ఇచ్చాడు. అందులో ఒక పేరు 'టోనీ, ఈస్టిండియన్'. ఏ ఊరివాడో, ఏ భాషవాడో రాయలేదు. అతని తలకూ 50 ఎకరాలే.

దారి ఖర్చు లేని ఇంగ్లీషు పేదవాడు నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేస్తానని కరారు రాసిచ్చేవాడు. ఆ కరారునామా చూడటానికి చిత్రంగా ఉంటుంది. ఒకే కాగితం మీద అదే ఒప్పందం రెండుసార్లు రాసి, మధ్యలో కత్తెరతో రంపపు పళ్లలా వంకరటింకరగా కోస్తారు. సగం యజమానికి, సగం కూలివాడికి. తగువొస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి పళ్లు కలుస్తాయో లేదో చూస్తారు. ఆ పళ్ల వల్లే ఇంగ్లీషులో ఆ కాగితానికి 'ఇండెంచర్' అన్న పేరు. మన వాళ్లు మారిషస్‌కూ నాటాల్‌కూ ఫిజీకీ వెళ్లిన గిరిమిట్ కాగితానికి ఇదే ముత్తాత. ఆ శతాబ్దంలో వర్జీనియా వైపు వెళ్లినవాళ్లలో సగానికి బాగా పైన ఇలా కరారు మీద వెళ్లినవాళ్లే. గడువు తీరేదాకా బతికినవాడికే విడుదల. 1607 నుంచి 1624 దాకా ఏడు వేల పైచిలుకు జనాన్ని పంపితే, 1625లో తలలు లెక్కపెట్టినప్పుడు 1,200 మంది దాకా తేలారు.

1619కి వచ్చాం. జూలై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో 22 మంది ప్రతినిధులు కూర్చున్నారు. అమెరికాలో ఎన్నికైన తొలి సభ అని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. ఉక్కపోత మధ్య ఒక సభ్యుడు చనిపోయాడు, ఆరు రోజుల్లో ముగించారు. ఆ సభ తేల్చినవాటిలో పొగాకు ధర ఒకటి: మేలురకం పౌను 3 షిల్లింగులు. నేలున్నవాడికి సభ కావలసొచ్చింది. సరుకు కొనిపోయే కంపెనీ నౌకర్లకు ఏ సభా అక్కర్లేదు. అందుకే బందరులో ఎవరూ చర్చిలో కూర్చుని ధర కట్టలేదు.

ఆగస్టు 9న ఇక్కడ డేల్ పోయాడు. ఆ నెలాఖరుకు అక్కడ 'వైట్ లయన్' అనే ఓడ రేవు చేరింది. అంగోలా నుంచి వస్తున్న పోర్చుగీసు ఓడను కొట్టి ఎత్తుకొచ్చిన ఇరవై పైచిలుకు ఆఫ్రికన్లను దింపి, మారుగా తిండిసరుకు ఎక్కించుకుంది. ఈ రాకను చిన్నగా రాసిపెట్టినవాడు పొగాకు రోల్ఫే.

మూడేళ్లకు, 1622 మార్చి 22న, పౌహటాన్ తరవాత పెత్తనానికి వచ్చిన ఒపెకాంకనో ఒక్క పూటలో 347 మందిని చంపించాడు. మొక్కజొన్న ఇచ్చినప్పుడు ఊరుకున్నవాళ్లు, పొగాకు చేలు తమ ఊళ్లను మింగడం మొదలుపెట్టాక ఊరుకోలేదు. 1624లో రాజు కంపెనీ సనదు రద్దుచేశాడు. కంపెనీ చచ్చింది, వలస నిలబడింది. పట్టాలు పంచేశారు కదా.

5.

"ఉత్తరాన ప్లిమత్‌వాళ్లు మతం కోసం వెళ్లారు కదా, మీ కంపెనీ లెక్క అక్కడ నడవదు" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. వాళ్ల భక్తిని నేను శంకించడం లేదు. 1620లో మేఫ్లవర్ ఎక్కిన 102 మందిలో సగంమంది మొదటి చలికాలంలోనే పోయారు. మిగిలినవాళ్లు తిరిగి ఓడెక్కలేదు. లాభం కోసం వచ్చినవాడు ఎక్కేవాడే.

కానీ ఆ ఓడకు డబ్బు పెట్టింది లండన్ వర్తకులు. ఏడేళ్లు అంతా ఉమ్మడి అని ఒప్పందం. 1623లో అక్కడి గవర్నరు బ్రాడ్‌ఫర్డ్ కూడా డేల్ చేసిన పనే చేశాడు, కుటుంబానికింత అని చేను విడగొట్టాడు. 1627లో వర్తకుల వాటాలు 1,800 పౌన్లకు కొనేశారు. ఆ అప్పు తీర్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది. వాళ్లు దిగిన నేల కూడా ఊరికే ఖాళీ కాలేదు. 1616-19 మధ్య తీరం వెంట వచ్చిన మహమ్మారి పటక్సెట్ అనే ఊరిని ఊరుగా తుడిచేసింది. ఆ ఊరివాడు టిస్క్వాంటమ్‌ను 1614లో ఒక ఇంగ్లీషు కప్తాను ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మాడు. ఎలాగో ఇల్లు చేరేసరికి ఊరు లేదు. ఆ దిబ్బల మీదే ప్లిమత్ కట్టారు. వాళ్లకు మొక్కజొన్న వేయడం నేర్పినవాడు అతనే.

పదేళ్ల తరవాత వచ్చిన మసాచుసెట్స్ బే కంపెనీ ఇంకా తెలివైన పని చేసింది. 1629లో వచ్చిన సనదులో, కంపెనీ సమావేశాలు ఎక్కడ జరపాలో రాయలేదు. జాన్ విన్‌త్రాప్, ఆయన తోటివాళ్లు 1630లో సనదును పెట్టెలో పెట్టుకుని ఓడెక్కారు. ఇక లండన్‌లో వెతికితే కంపెనీయే లేదు. వాటాదారుల సమావేశాన్ని 'జనరల్ కోర్ట్' అనేవాళ్లు. సముద్రం దాటాక అదే శాసనసభ అయింది. ఆ రాష్ట్రపు శాసనసభ పేరు ఇవాళ్టికీ జనరల్ కోర్టే. ఆ పేరు మీద కంపెనీ వాసన నాలుగు వందల ఏళ్లుగా పోలేదు.

అక్కడ ఒక్కడు మాత్రం అసలు ప్రశ్న అడిగాడు. రోజర్ విలియమ్స్. ఈ నేల ఇక్కడివాళ్లది, వాళ్ల దగ్గర కొనకుండా ఇంగ్లండు రాజు ఎలా ఇస్తాడు అన్నాడు. ఇతర కారణాలు కూడా కలిపి 1635లో వెలివేశారు. పోయి రోడ్ ఐలండ్ పెట్టుకున్నాడు.

6.

మిగతా వలసలను గబగబా దాటేస్తాను. పదమూడూ చెబితే సాయంత్రం చాలదు. ఒక్క సంగతి గమనించండి. 1632లో మేరీలాండ్ ఒక కుటుంబానికి, 1663లో కరొలైనా ఎనిమిదిమంది ప్రభువులకు. 1681లో పెన్సిల్వేనియా ఎలా వచ్చింది? రెండో చార్లెస్ రాజు విలియం పెన్ తండ్రికి 16,000 పౌన్లు బాకీ. డబ్బుకు బదులు పెన్‌కు దేశం రాసిచ్చాడు. కంపెనీ నేర్పిన విద్యే అది.

దక్షిణాన పొగాకు మూడు నాలుగు పంటలకే నేల సారం లాగేసేది. 1619 తరవాత పదేళ్లలో ధర షిల్లింగుల నుంచి పెన్నీలకు జారింది. అందువల్ల ఇంకా నేల కావాలి, ఇంకా చేతులు కావాలి. కరారు తీరిన పేదలకు తీరంలో మంచి చేను మిగల్లేదు. 1676లో నథానియల్ బేకన్ అనే భూస్వామి వెంట వాళ్లూ, బానిసలూ కలిసి తిరగబడి జేమ్స్‌టౌన్‌నే తగలబెట్టారు. ఆ భయంతోనే దొరలు ఆఫ్రికన్ బానిసల వైపు తిరిగారని కొందరంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. ఇంగ్లండు నుంచి కరారు మీద వచ్చేవాళ్లు తగ్గిపోవడం తక్కువ కారణం కాదు. పైగా తల్లి బానిసైతే బిడ్డ బానిసే అన్న చట్టం 1662 నాటిది, తిరుగుబాటుకు పద్నాలుగేళ్ల ముందుది. 1705 నాటి చట్టంతో అన్ని తలుపులూ మూసుకున్నాయి.

ఆ మనుషుల్ని ఆఫ్రికా తీరంలో దేనికి కొనేవారు? ఇనుము, సారా, తుపాకులు, అన్నిటికన్నా ముఖ్యంగా బట్ట. ఆ బట్టలో గుజరాతుది ఉంది, బెంగాలుది ఉంది, మన కోరమండల్ తీరపు మగ్గాలదీ ఉంది. నేసినవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. స్మైత్ ఇంటి గుమ్మం నుంచి విడిపోయిన రెండు దారులు కలుసుకున్న చోట్లలో అదొకటి.

7.

ఆ దారులు కలిసిన రెండో చోటు అందరికీ తెలిసిందే. 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో 342 టీ పెట్టెలు నీళ్లలో పడ్డాయి. ఆ పెట్టెలు ఈస్టిండియా కంపెనీవి. భూస్వాములైపోయిన పాత వాటాదారుల వారసులు, ఇంకా కంపెనీగానే మిగిలిన దాయాది సరుకును సముద్రంలో కలిపారు.

మూడోది చెప్పి దిగిపోతాను. 1781 అక్టోబర్‌లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, యార్క్‌టౌన్‌లో ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ లొంగిపోయాడు. జేమ్స్‌టౌన్‌కు పాతిక మైళ్ల లోపే ఉంటుంది ఆ ఊరు. అయిదేళ్లకు ఆయన్నే గవర్నర్ జనరల్‌ని చేసి మన దేశం పంపారు. నేల పంచడం తెలియని కంపెనీకి అప్పటికి నేల చేతికొచ్చింది. 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు బందోబస్తు చేశాడు. 1802 నుంచి అదే పద్ధతిని మద్రాసువాళ్లు మన సర్కారు జిల్లాల జమీందారీలకు తెచ్చారు. అప్పటి కృష్ణా జిల్లా మునగాల జమీందారీకి తరవాతి శతాబ్దంలో దివానై, ఆ శిస్తు లెక్కల మధ్యే కూర్చుని లక్ష్మణరావుగారు లింకన్ చరిత్రను తెలుగులో అచ్చువేయించారు.